ఆట ముగిశాక... అసలాట!

క్రికెట్ సీజన్ అయిపోతుంది. స్టేడియంలో దీపాలు ఆరిపోతాయి. ఆటగాళ్లు ఇళ్లకు వెళ్లిపోతారు. అప్పుడు మొదలవుతుంది మరో ఆట... ఎవరిని ఉంచుకోవాలి? ఎవరిని వదిలేయాలి? ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి? బ్యాటూ బంతీ లేని ఈ ఆటలోనే వచ్చే ఏడాది గెలుపోటములు సగం తేలిపోతాయి. కొందరి జీవితాలు కూడా!

2024 మే 26. చెన్నై చెపాక్ స్టేడియం. ఐపీఎల్ ఫైనల్. ఆ సీజన్లో ఒక మ్యాచ్‌లో 277, మరో మ్యాచ్‌లో 287 పరుగులు బాది రికార్డులు తిరగరాసిన సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ఆ రాత్రి 113 పరుగులకే కుప్పకూలింది. కోల్‌కతా కుర్రాళ్లు పదిన్నర ఓవర్లలోనే పని ముగించేశారు.

చెపాక్‌కి డెబ్భై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉంది సత్యవేడు. తిరుపతి జిల్లా కొసన, తమిళనాడుని ఆనుకుని ఉన్న ఊరు. ఊరు దాటి కాస్త ముందుకెళితే ఊత్తుకోట. అక్కడి నుంచి తమిళనాడే. ఇటు చూస్తే శ్రీసిటీ ఫ్యాక్టరీలు. నోట తెలుగూ తమిళం కలిసే పలుకుతాయి. మరి క్రికెట్ దగ్గరికొచ్చేసరికి వీళ్లు ఎవరి పక్షం?

అదే తమాషా! పేరుకి తెలుగు జట్టు హైదరాబాద్‌ది. కానీ ఉప్పల్ స్టేడియానికి వెళ్లాలంటే ఓ రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. చెపాక్‌కి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరుకోవచ్చు. ఇంకా చిత్రం... హైదరాబాద్ జట్టు యజమాని చెన్నైకి చెందిన సన్ టీవీ నెట్‌వర్క్! అందుకే ఇలాంటి సరిహద్దు ఊళ్లలో ఒకే ఇంట్లో అన్న పసుపు చొక్కా వేసుకుంటే తమ్ముడు నారింజ చొక్కా తొడుక్కోవడం వింతేమీ కాదు.

ఇద్దరినీ ఒకేలా కుదిపేసే కాలం మాత్రం మ్యాచ్‌లు జరిగే వేసవి కాదు. మ్యాచ్‌లే లేని చలికాలం. 'ఏమన్నా... ఈసారి ఎవుర్ని వొదిలేసినారు?' అన్న ప్రశ్నతో టీకొట్టు దగ్గర పొద్దు మొదలయ్యే కాలం.

నాలుగు దారులు

సీజన్ ముగిశాక జట్టు యాజమాన్యం ముందు నాలుగు దారులుంటాయి. మొదటిది, ఉన్నవాణ్ని ఉంచుకోవడం. రెండోది, వదిలెయ్యడం. మూడోది, మరో జట్టుతో మార్చుకోవడం... దీన్నే 'ట్రేడ్' అంటున్నారు. నాలుగోది, వేలంలో కొత్తవాణ్ని కొనుక్కోవడం.

వినడానికి తేలిగ్గానే ఉంది కదూ? కానీ చేతిలో ఉన్న డబ్బుకి లెక్కుంది. జట్టులో 25 మందికి మించి ఉండకూడదు. వాళ్లలో విదేశీయులు 8 మందిని దాటకూడదు. మైదానంలోకి దిగే పదకొండుమందిలో అయితే నలుగురే. అంటే ఎంత గొప్ప విదేశీ ఆటగాణ్ని కొన్నా, అతని కోసం మరో విదేశీయుణ్ని బెంచీ మీద కూర్చోబెట్టాల్సిందే.

ట్రేడ్‌కి కూడా ఓ పద్ధతుంది. సీజన్ పూర్తయిన కొద్దిరోజులకి తలుపులు తెరుస్తారు. వేలానికి కొద్దిరోజుల ముందు మూసేస్తారు. రెండు జట్లూ సరే అంటే చాలదు. ఆటగాడు కూడా ఒప్పుకోవాలి. బోర్డు ఆమోదముద్ర వెయ్యాలి. ఆటగాణ్ని ఇచ్చి ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు. డబ్బిచ్చి కూడా తెచ్చుకోవచ్చు.

2009లో జహీర్‌ఖాన్ బెంగళూరు నుంచి ముంబయికీ, రాబిన్ ఉతప్ప ముంబయి నుంచి బెంగళూరుకీ మారినప్పుడు 'ఇదేంటి, ఇలా కూడా చేస్తారా!' అని జనం నోళ్లు వెళ్లబెట్టారు. 2023 నవంబరులో గుజరాత్ టైటాన్స్ కెప్టెన్ హార్దిక్ పాండ్యాని ముంబయి ఇండియన్స్ తిరిగి తెచ్చుకునే నాటికి అది మామూలైపోయింది. కానీ అభిమానులకే ఇంకా మామూలు కాలేదు. ముంబయి సొంత మైదానంలోనే హార్దిక్‌ని ఎంతగా గేలి చేశారో మీరూ చూసే ఉంటారు.

అయిదుగురికి రూ.75 కోట్లు!

ఇప్పుడు మన జట్టు సంగతి చూద్దాం. 2024 ఫైనల్ ఓడిపోయిన నాలుగైదు నెలలకే సన్‌రైజర్స్‌కి పెద్ద పరీక్ష వచ్చిపడింది. మూడేళ్లకోసారి జరిగే మహా వేలం! ఆ వేలం ముందు ప్రతి జట్టూ దాదాపు ఖాళీ అయిపోవాలి. ఆరుగురికి మించి ఉంచుకోవడానికి వీల్లేదు. జట్టు మొత్తానికీ ఖర్చు రూ.120 కోట్లు దాటకూడదు.

ఫైనల్ దాకా తీసుకొచ్చిన జట్టుని చెదరగొట్టుకోవాలా? లేక ముఖ్యమైన వాళ్లని ఎంత ఖర్చయినా పట్టుకోవాలా? సన్‌రైజర్స్ రెండో దారే ఎంచుకుంది. హెన్రిచ్ క్లాసెన్‌కి రూ.23 కోట్లు, కెప్టెన్ పాట్ కమిన్స్‌కి రూ.18 కోట్లు, అభిషేక్ శర్మకీ ట్రావిస్ హెడ్‌కీ తలా రూ.14 కోట్లు, మన విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డికి రూ.6 కోట్లు. మొత్తం రూ.75 కోట్లు.

ఇంట్లో జీతం రాగానే సగానికిపైగా అద్దెకీ అప్పు వాయిదాకీ పోతే నెలంతా ఎలా నెట్టుకొస్తాం? సన్‌రైజర్స్ పరిస్థితీ అంతే. మిగిలిన రూ.45 కోట్లతో ఇరవైమందిని వెతుక్కోవాలి. 2024 నవంబరు 24, 25 తేదీల్లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగిన వేలంలో ఇషాన్ కిషన్‌ని రూ.11.25 కోట్లకీ, మహమ్మద్ షమీని రూ.10 కోట్లకీ, హర్షల్ పటేల్‌ని రూ.8 కోట్లకీ తెచ్చుకుంది. ముగ్గురికే రూ.29.25 కోట్లు. ఆ తర్వాత మిగిలింది చిల్లరే. స్పిన్నర్లు, మిడిలార్డర్ బ్యాట్స్‌మెన్ అంతా ఆ చిల్లరలోనే సర్దుకోవాల్సి వచ్చింది.

ఫలితం ఏమైంది? 2025 మార్చి 23న తొలి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 పరుగులు. కొత్తగా వచ్చిన ఇషాన్ కిషన్ సెంచరీ. 'ఈసారి 300 ఖాయం' అన్నారంతా. ఆ తర్వాత వరసగా ఓటములు. ఆఖరికి ఆరోస్థానం. షమీ తొమ్మిది మ్యాచ్‌లు ఆడి ఆరు వికెట్లే తీశాడు.

అయితే సరిహద్దు ఊళ్లలోని నారింజ చొక్కాలకు ఆ సీజన్ ఓ మరపురాని రాత్రినీ ఇచ్చింది. 2025 ఏప్రిల్ 25న చెపాక్‌లో చెన్నైని సన్‌రైజర్స్ ఓడించింది. ఆ మైదానంలో చెన్నై మీద సన్‌రైజర్స్ గెలవడం అదే మొదటిసారి! నాలుగు వికెట్లు తీసి ఆ గెలుపుకి బాట వేసింది వేలంలో తెచ్చుకున్న హర్షల్ పటేలే. ఒకే సంచిలో తెచ్చిన కూరగాయల్లో ఒకటి పుచ్చిపోతే, మరొకటి కూరకి రుచి తెచ్చిందన్నమాట.

చేర్చిన పేరే... చిచ్చరపిడుగై

ట్రేడ్‌ల గురించి మాట్లాడేటప్పుడు పెద్ద పేరు ఎటు పోయిందన్నదే అందరూ చూస్తారు. చిన్న పేరు ఎటు వచ్చిందన్నది చూసేవాళ్లు తక్కువ. ఆ మాటకి సన్‌రైజర్స్ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది.

2018 చివర్లో శిఖర్ ధావన్‌ని సన్‌రైజర్స్ ఢిల్లీకి ఇచ్చేసింది. 2013లో జట్టు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఓపెనర్. 2016లో కప్పు గెలిచిన జట్టులో కీలక సభ్యుడు. బదులుగా ఢిల్లీ ముగ్గుర్నిచ్చింది. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్... మూడోవాడు పద్దెనిమిదేళ్ల పంజాబీ కుర్రాడు. అతని ధర రూ.55 లక్షలు. 'ధావన్‌ని పోగొట్టుకుని వీళ్లనా తెచ్చుకున్నది' అని అభిమానులు పెదవి విరిచారు. కొసరుగా వచ్చినట్టు కనిపించిన ఆ కుర్రాడి పేరెవరికీ పెద్దగా గుర్తులేదు.

అతను అభిషేక్ శర్మ!

2022 వేలంలో సన్‌రైజర్సే అతన్ని రూ.6.50 కోట్లకు తిరిగి కొనుక్కుంది. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ 245 పరుగులు చేస్తే, అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టి ఇంకా తొమ్మిది బంతులుండగానే మ్యాచ్ గెలిపించాడు. అప్పటికి ఐపీఎల్‌లో ఓ భారతీయుడి అత్యధిక స్కోరు అదే. ఏడేళ్ల కిందట కొసరు. ఏడేళ్ల తర్వాత అసలు!

పోగొట్టుకున్న వాళ్ల జాబితా కూడా చిన్నదేం కాదు. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చిపెట్టిన డేవిడ్ వార్నర్‌ని 2021లో కెప్టెన్సీ నుంచి తప్పించి, తుదిజట్టులో నుంచీ తీసేసి, చివరికి వదిలేశారు. రషీద్‌ఖాన్ అదే ఏడాది బయటికెళ్లి రూ.15 కోట్లకు గుజరాత్‌లో చేరి, మరుసటి ఏడే కప్పు పట్టుకున్నాడు. 2014 నుంచి 2024 దాకా పదకొండు సీజన్లు హైదరాబాద్‌కే బంతులేసిన భువనేశ్వర్ కుమార్ రూ.10.75 కోట్లకు బెంగళూరు వెళ్లాడు. 2025లో ఆ జట్టు పద్దెనిమిదేళ్ల నిరీక్షణ తీరి కప్పు గెలిచినప్పుడు భువీ అందులో ఉన్నాడు.

అంతకుముందున్న దక్కన్ ఛార్జర్స్‌దీ ఇదే కథ. రోహిత్ శర్మ మొదటి మూడు సీజన్లూ ఆడింది హైదరాబాద్ జట్టుకే. 2011 వేలంలో ముంబయి అతన్ని 20 లక్షల డాలర్లకు ఎగరేసుకుపోయింది. తర్వాత అతని కెప్టెన్సీలో ముంబయి అయిదుసార్లు కప్పు గెలిచింది. మన సొరకాయ పక్కింటి పందిరి మీద కాసినట్టు!

లక్ష్మణ్ వదులుకున్న హోదా

డబ్బు లెక్కల మధ్య ఓ మనిషి మంచితనం కూడా గుర్తుచేసుకోవాలి.

2008 ఫిబ్రవరి 20న ముంబయిలో ఐపీఎల్ తొలి వేలం. ఒక్కో జట్టూ ఖర్చు పెట్టగలిగింది 50 లక్షల డాలర్లు. సచిన్, ద్రవిడ్, గంగూలీ, సెహ్వాగ్, యువరాజ్‌లకు వాళ్ల సొంత నగరాల జట్లలో 'ఐకాన్' హోదా ఇచ్చారు. జట్టులో అందరికన్నా ఎక్కువ ధర పలికిన ఆటగాడి కన్నా వాళ్లకి 15 శాతం ఎక్కువివ్వాలి. హైదరాబాద్‌కి ఆ హోదా వీవీఎస్ లక్ష్మణ్‌ది. కానీ ఆయన వద్దన్నారు. ఆ డబ్బుతో జట్టు మంచి ఆటగాళ్లని కొనుక్కోవచ్చన్నది ఆయన ఆలోచన. ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకీ, ఆడం గిల్‌క్రిస్ట్‌ని 7 లక్షల డాలర్లకీ కొన్నది. లక్ష్మణ్ తీసుకున్నది 3.75 లక్షల డాలర్లు.

తొలి ఏడాది ఛార్జర్స్ ఆఖరిస్థానంలో నిలిచింది. రెండో ఏడాది, 2009లో, దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు గెలిచింది. ఆ గెలుపులో లక్ష్మణ్ వదులుకున్న సొమ్ముకీ వాటా ఉంది.

మరి లక్ష్మణ్‌కి దక్కిందేమిటి? 2011 వేలంలో ఆయన్ని కొన్నది హైదరాబాద్ కాదు... కొచ్చి!

బేస్‌బాల్ నేర్పిన బేరం

అసలు ఈ 'ట్రేడ్' అన్న మాట ఎక్కణ్నుంచి వచ్చింది? అమెరికా నుంచి. అక్కడ బేస్‌బాల్ లీగ్‌లు నూరేళ్ల కిందటి నుంచే ఆటగాళ్లని మార్చుకుంటున్నాయి. చలికాలంలో మ్యాచ్‌లుండవు కాబట్టి జనం పొయ్యి చుట్టూ చేరి 'ఎవరెటు పోతారు' అని కబుర్లు చెప్పుకునేవాళ్లట. అందుకే ఆ కాలానికి 'హాట్ స్టవ్ లీగ్' అని పేరొచ్చింది. మన టీకొట్టు పొయ్యి దగ్గర జరిగేదీ అదేగా!

వాళ్ల ట్రేడ్ కథల్లో అన్నిటికన్నా పెద్దది బేబ్ రూత్‌ది. 1919 డిసెంబరు చివర్లో బోస్టన్ రెడ్‌సాక్స్ అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కి లక్ష డాలర్లకు అమ్మేసింది. యాంకీస్ కప్పుల మీద కప్పులు గెలిచింది. 1918లో కప్పు గెలిచిన బోస్టన్ మళ్లీ గెలిచింది ఎప్పుడో తెలుసా? 2004లో! 86 ఏళ్లపాటు దాన్ని 'రూత్ శాపం' అనుకున్నారు అక్కడి జనం.

కానీ అక్కడి అసలు కథ రూత్‌ది కాదు. కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడిది. సెయింట్ లూయిస్ జట్టుకి పన్నెండు సీజన్లు ఆడాడు. 1969 అక్టోబరులో అతన్ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు. ఓ మాటైనా అడగలేదు. అప్పట్లో ఒప్పందం గడువు తీరినా ఆటగాడు ఆ జట్టు సొత్తే. 'నేను కొని అమ్ముకునే వస్తువుని కాదు' అని ఫ్లడ్ ఎదురు తిరిగాడు. 1970 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చుని కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆటగాడిగా అతని జీవితం అప్పటికే ముగిసిపోయింది.

అయితే అతను వేసిన విత్తనం మొలకెత్తింది. 1975 డిసెంబరులో ఓ మధ్యవర్తి తీర్పుతో ఆ పాత పద్ధతి కూలిపోయింది. ఒప్పందం తీరాక తనకి నచ్చిన జట్టుతో బేరమాడుకునే హక్కు ఆటగాడికి వచ్చింది. అలాంటివాణ్నే 'ఫ్రీ ఏజెంట్' అంటారు. అక్కడ ఆరేళ్లు లీగ్‌లో ఆడితే ఆ స్వేచ్ఛ వస్తుంది. 2023 డిసెంబరులో జపాన్ ఆటగాడు షోహెయ్ ఓటాని పదేళ్లకి 70 కోట్ల డాలర్లకు లాస్‌ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో హువాన్ సోటో పదిహేనేళ్లకి 76.5 కోట్ల డాలర్లతో దాన్నీ దాటేశాడు. ఇద్దరూ వేలంలో అమ్ముడుపోలేదు. ఎదురుగా కూర్చుని తమకి కావాల్సిన జట్టుని తామే ఎంచుకున్నారు.

మరి మన ఆటగాడి సంగతి?

మన దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. జట్టు వదిలేస్తే ఆటగాడు వేలంలోకి వెళ్లాలి. అక్కడ ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల జట్టుకే ఆడాలి. 'నాకు ఫలానా ఊరు ఇష్టం' అంటే కుదరదు. అమ్ముడుపోయిన తర్వాత సరైన కారణం లేకుండా రానంటే రెండేళ్లు నిషేధం. 2025లో ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ హ్యారీ బ్రూక్‌కి అదే జరిగింది.

రవీంద్ర జడేజాని అడిగితే ఈ కథ ఇంకా బాగా చెబుతాడు. 2010లో అతని వయసు ఇరవై ఒకటి. రాజస్థాన్ రాయల్స్‌తో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టకుండా మరో జట్టుతో మాట్లాడుకున్నాడని ఏడాదిపాటు ఐపీఎల్ నుంచి వెలేశారు. అమెరికాలో హక్కు అనిపించుకున్నది ఇక్కడ తప్పయింది! ఆ తర్వాత 2012లో చెన్నైకి వచ్చాడు. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకి పది పరుగులు కావాల్సినప్పుడు సిక్సూ ఫోరూ కొట్టి కప్పు తెచ్చాడు. పసుపు చొక్కావాళ్లకి అతను ఇంటి మనిషైపోయాడు.

2025 నవంబరు. చెన్నై అతన్నీ శామ్ కరన్‌నీ రాజస్థాన్‌కి ఇచ్చి సంజు శాంసన్‌ని తెచ్చుకుంది. సంజు ధర రూ.18 కోట్లు. జడేజా ధర రూ.18 కోట్ల నుంచి రూ.14 కోట్లకి తగ్గింది. ఏ జట్టు నుంచి బయటికెళ్లాలని చూసి శిక్ష పడిందో, ముప్ఫై ఆరేళ్ల వయసులో మళ్లీ అదే జట్టుకి చేరాడు.

చెన్నై వైపు నుంచి చూస్తే ఆ బేరంలో తర్కముంది. ధోనీకి వయసైపోయింది. ఎన్నో ఏళ్లు ఆడగల వికెట్‌కీపర్ కావాలి. 2025లో జట్టు చరిత్రలో మొదటిసారి ఆఖరిస్థానంలోకి పడిపోయింది. మార్పు తప్పదు. తర్కమంతా ఒప్పుకున్నా చెన్నై చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి ఆరోజు అన్నం సయించి ఉండదు.

శ్రీసిటీలో పనిచేసే కుర్రాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒక కంపెనీలో నచ్చకపోతే నోటీసు ఇచ్చి, రోడ్డుకి అవతలున్న కంపెనీలో చేరొచ్చు. నాలుగు వేలు ఎక్కువిస్తామంటే ఆలోచించుకోవచ్చు. నెలకి ఇరవై వేలు సంపాదించేవాడికున్న ఆ వీలు ఏడాదికి ఇరవై కోట్లు సంపాదించే క్రికెటర్‌కి లేదు! మన దేశంలో ఆడుతున్న క్రికెటర్ల తరఫున మాట్లాడే సంఘమూ లేదు. 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘం మాజీ ఆటగాళ్లది.

'కోట్లు వస్తుంటే ఇంకేం కావాలి' అంటారా? కోట్లొచ్చేది కొందరికే. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు కనీసం ధరైనా గుట్టుగా ఉంచుతారు. ఇక్కడ టీవీలో దేశమంతా చూస్తుండగా పేరు పిలుస్తారు. ఎవరూ చెయ్యెత్తకపోతే 'అన్‌సోల్డ్' అంటారు. ఆ మాట ఆ కుర్రాడి ఇంట్లో, ఊళ్లో, చుట్టాలందరి ముందూ వినబడుతుంది.

మనవాళ్లు మనకేరీ?

ఏటా వేలం రోజున తెలుగు అభిమానులు అడిగే ప్రశ్న ఇంకోటుంది. హైదరాబాద్ జట్టులో తెలుగు కుర్రాళ్లేరీ?

మహమ్మద్ సిరాజ్ ఆటోడ్రైవర్ కొడుకు. హైదరాబాదీ. 2017లో కనీస ధర రూ.20 లక్షలున్న అతన్ని సన్‌రైజర్సే రూ.2.60 కోట్లకు కొన్నది. ఏడాదికే వదిలేసింది. బెంగళూరు తీసుకుని ఏడేళ్లు ఆడించింది. 2025లో గుజరాత్ రూ.12.25 కోట్లు పెట్టింది. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మ కూడా హైదరాబాదీయే. 2022లో ముంబయి రూ.1.70 కోట్లకు తీసుకుంది. మూడేళ్ల తర్వాత రూ.8 కోట్లిచ్చి ఉంచుకుంది. గుంటూరు అంబటి రాయుడు ముంబయిలో ఆడి, 2018లో చెన్నై వచ్చి ఆ ఏడాది 602 పరుగులు చేశాడు. 2023లో చెన్నై కప్పు గెలిచిన రాత్రే ఆటకి వీడ్కోలు చెప్పాడు. అదే గుంటూరు నుంచి వచ్చిన షేక్ రషీద్ 2025లో ఐపీఎల్‌లో అడుగుపెట్టిందీ పసుపు చొక్కాలోనే.

ఈ బాధకి ఒకే ఒక మందు నితీశ్‌కుమార్ రెడ్డి. కొడుకు ఆట కోసం తండ్రి ఉద్యోగం మానేశాడు. 2023లో సన్‌రైజర్స్ అతన్ని రూ.20 లక్షలకు తీసుకుంది. 2024లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి అవార్డు అందుకున్నాడు. మహా వేలంలోకి వెళితే ఇంకా ఎక్కువే పలికేవాడని చాలామంది అన్నారు. అతను రూ.6 కోట్లకి ఉండిపోయాడు. రెండు నెలల తర్వాత మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టినప్పుడు స్టాండ్‌లో తండ్రి కన్నీళ్లు దేశమంతా చూసింది.

ఇంత చేసినా 2025 ఐపీఎల్‌లో ఆ జోరు కనిపించలేదు. ఉంచుకోవడం కూడా జూదమే మరి!

అబుదాబిలో ఏం జరిగింది?

2025 నవంబరు 15 నాటికి ఎవరిని ఉంచుకుంటారో చెప్పాలి. సన్‌రైజర్స్ ముందున్న చిక్కు ఇది. పరుగులకి కొదవలేదు. వాటిని కాపాడే బౌలింగ్ లేదు. పైగా డబ్బంతా అయిదారుగురి దగ్గరే ఉంది. క్లాసెన్‌ని వదిలేస్తే ఒక్క దెబ్బకి రూ.23 కోట్లు మిగులుతాయని కొందరు లెక్కలు వేశారు. కానీ వేలంలో అలాంటి బ్యాట్స్‌మన్ మళ్లీ దొరుకుతాడన్న నమ్మకమేముంది? జట్టు ఆ అయిదుగురినీ కదపలేదు.

కదిపింది షమీని. రూ.10 కోట్లకు లక్నోకి ఇచ్చేసింది. రాహుల్ చాహర్, ఆడం జంపా, అభినవ్ మనోహర్, సిమర్‌జీత్ సింగ్ లాంటివాళ్లని వదిలేసింది. పదిహేనుమందిని ఉంచుకుంది. రూ.125 కోట్ల పరిమితిలో వాళ్లకి పోగా రూ.25.50 కోట్లు మిగిలాయి. అందులో రూ.10 కోట్లు షమీ బేరం వల్లే. నింపాల్సిన ఖాళీలు పది.

డిసెంబరు 16న అబుదాబిలో వేలం. స్పిన్నర్లిద్దర్నీ వదిలేశారు కాబట్టి మంచి స్పిన్నర్‌ని కొంటారనుకున్నారంతా. జట్టు మాత్రం రూ.13 కోట్లు పోసి ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ లియామ్ లివింగ్‌స్టన్‌ని తెచ్చుకుంది. మొదటిసారి పేరు పిలిచినప్పుడు అతన్ని ఎవరూ కొనలేదు. రెండోసారి పిలిచినప్పుడు అంత ధర పలికాడు! గంటల తేడాలో 'అన్‌సోల్డ్' నుంచి రూ.13 కోట్లకి... వేలం అంటే అదే. ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ జాక్ ఎడ్వర్డ్స్‌కి రూ.3 కోట్లు పెట్టింది. మిగిలినవాళ్లలో ఎక్కువమంది రూ.30 లక్షల కనీస ధరకి వచ్చిన దేశవాళీ కుర్రాళ్లు.

అదే రోజు కామెరాన్ గ్రీన్‌ని కోల్‌కతా రూ.25.20 కోట్లకు కొన్నది. కానీ అతని చేతికి వచ్చేది రూ.18 కోట్లే. చిన్న వేలంలో విదేశీయులకి అంతకు మించి ఇవ్వకూడదని నియమం. మిగతాది బోర్డు ఆటగాళ్ల సంక్షేమానికి పోతుంది. చెన్నై అయితే దేశానికి ఒక్క మ్యాచ్ కూడా ఆడని ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మలకు తలా రూ.14.20 కోట్లు పెట్టింది. జడేజాకి రాజస్థాన్ ఇస్తున్న దానికన్నా ఇది ఎక్కువ!

ధర గెలిపించదు

ధర పెట్టినంత మాత్రాన గెలుపు రాదని చెప్పడానికి కబడ్డీ కథొకటి చాలు. ప్రొ కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ మన జట్టు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని ఏకంగా రూ.2.60 కోట్లకు పైగా పోసి కొన్నది. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఎవరికీ రాని ధర. ఆ సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. ఆఖరిస్థానం! ఎందుకంటే కూతకెళ్లేవాడు ఒక్కడైతే, పట్టేవాళ్లు ఆరుగురు కావాలి. ఆ ఆరుగురికి డబ్బు మిగల్లేదు. 2025లో పవన్ రూ.59.50 లక్షలకు తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు. అతను లేకుండానే టైటాన్స్ ఆ ఏడాది ప్లేఆఫ్స్ చేరింది.

ఆటగాణ్ని కొనగలం. జట్టుని కొనలేం. ఇంట్లో ఎంత ఖరీదైన గిన్నెలున్నా వంట చేసేది చెయ్యే కదా!

2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైంది. మన కుర్రాళ్లు వేలంలో పేరు పిలిపించుకోవడానికి అదో మెట్టు. ఏ మైదానంలోనో టెన్నిస్ బంతితో ఆడుకుంటున్న ఏ పదేళ్ల పిల్లాడో రేపు ఆ మెట్లెక్కొచ్చు. అతన్ని ఏ జట్టు కొంటుందో అతని చేతిలో ఉండదు. నారింజ చొక్కా ఇస్తారో, పసుపు చొక్కా ఇస్తారో, ఎన్నడూ చూడని ఊరి చొక్కా ఇస్తారో!

ఏ చొక్కా ఇచ్చినా సత్యవేడు లాంటి ఊళ్లలో జనం మ్యాచ్ చూడటం మానరు. అన్నా తమ్ముడూ మళ్లీ ఒకే టీవీ ముందు కూర్చుంటారు. ఒక్క తేడా... నిన్నటిదాకా తిట్టుకున్నవాడికి ఈసారి చప్పట్లు కొట్టాలి. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవాడు అవుటవ్వాలని మొక్కుకోవాలి. జడేజా ఎదుటి జట్టు చొక్కాలో చెపాక్‌లోకి నడిచొస్తుంటే ఏం చెయ్యాలో మాత్రం ఏ నియమావళిలోనూ రాసిలేదు!